ఫిడేలు నాయుడు గారు: సీటు కోసం వెళ్తే మాస్టారి ఉద్యోగం ఇచ్చారు

ఎచ్చెర్ల నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశాను. మా ఇల్లు హైవేకి దగ్గర. వెనకాల లారీల శబ్దం వినిపిస్తే ఏమనుకోకండి, రాత్రి పది దాటితేగానీ మా ఇంట్లో రికార్డింగ్‌కి కుదరదు. ఎందుకంటే సాయంత్రం అంతా మా ఇంట్లో ఇంకో శబ్దం ఉంటుంది. అదేంటో ఎపిసోడ్ చివర్లో చెప్తాను.

ఈ రోజు కథ ఒక రీల్ దగ్గర మొదలైంది. రెండు నెలల క్రితం మా తమ్ముడు, వాడికి పదహారేళ్లు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నా దగ్గరకి వచ్చాడు. "అన్నా, ఇదేం వాద్యం? మనిషి గొంతులా ఉంది, కానీ మనిషి కాదు" అన్నాడు. నేను స్క్రీన్ చూశాను. ఒకామె కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య పెద్ద వయొలిన్ లాంటిది నిలబెట్టుకుని, కమానుతో వాయిస్తోంది. "చెలో రా" అన్నాను. ఇంగ్లీషులో స్పెల్లింగ్ చూసి చాలామంది "సెల్లో" అంటారు. పలికేది మాత్రం చెలో.

వాడు ఆ రీల్‌ని ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. నేను "చూశాడు" అనడం లేదు, గమనించారా? వాడికి చూపు తక్కువ. కళ్లద్దాలతో సరయ్యే సమస్య కాదని డాక్టర్లు చెప్పేశారు. పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతాడు, చీకటి పడితే గోడ పట్టుకుని నడుస్తాడు. రెండేళ్ల క్రితం చదువుకున్న చోట ఒక మాస్టారు "బోర్డు కనపడనోడివి ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు" అన్నారట. ఆ మాట తర్వాత వాడికి బడి మీద మనసు పోయింది. వెళ్లేవాడు, వచ్చేవాడు, అంతే.

అలాంటివాడు ఒక రోజు పొద్దున్నే "అన్నా, నేను చెలో నేర్చుకుంటాను" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? దాచుకోకుండా చెప్తున్నాను. "ఒరేయ్, ముందు టెన్త్ గట్టెక్కు. పాటలు కూడు పెడతాయా?" అన్నాను. వాడేం మాట్లాడలేదు. ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాస్టారు అన్నదానికీ నేను అన్నదానికీ పెద్ద తేడా ఏముంది? సరే, కనీసం వెతుకుదాం, మన వైపు చెలో నేర్పేవాళ్లు ఎవరున్నారో చూద్దాం అని కూర్చున్నాను. చెలో గురువు దొరకలేదు. కానీ మనకి అరవై కిలోమీటర్ల దూరంలో, విజయనగరంలో, వందేళ్ల క్రితం జరిగిన ఒక కథ దొరికింది. ఈ రోజు మీకు చెప్పబోయేది అదే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కథ.

ముందు రెండు ముక్కలు వాద్యం గురించి చెప్పుకుందాం. చెలో, వయొలిన్ ఒకే ఇంటి పిల్లలు. రెండింటికీ నాలుగేసి తీగలు. రెండింటినీ కమానుతోనే వాయిస్తారు. కమానుకి గుర్రం తోక వెంట్రుకలు కట్టి ఉంటాయి, వాటికి రోజిన్ అనే గట్టి జిగురు ముక్క రాస్తారు. ఆ జిగురు వల్ల వెంట్రుక తీగని పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనులో వందలసార్లు జరిగే ఆ పట్టూ విడుపే మనకి వినపడే నాదం. చెలో తీగ వయొలిన్ తీగకి రెట్టింపు కంటే పొడుగు. అందుకే దాని శ్రుతి బాగా కిందకి ఉంటుంది, మగవాళ్ల గొంతుకి దగ్గరగా వినిపిస్తుంది. మా తమ్ముడు "మనిషి గొంతు" అన్నది అందుకే.

ఇప్పుడు అసలు విషయం వినండి. వీణకి మెట్లు ఉంటాయి. గిటార్‌కి కూడా ఉంటాయి. వేలు ఎక్కడ పెట్టాలో కంటికి కనపడుతుంది. వయొలిన్‌కీ చెలోకీ మెట్లు లేవు. నున్నటి నల్ల చెక్క, అంతే. స్వరం ఎక్కడుందో చూసి పెట్టలేరు. వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. చెవితో వెతుక్కోవాలి, చెవితోనే సరిచేసుకోవాలి. అంటే ఈ వాద్యం దగ్గర కళ్లు ఎంత బాగున్నా ఉపయోగం తక్కువే. ఈ సంగతి తెలిశాక నేను మొదటిసారి సరిగ్గా కూర్చున్నాను.

ఈ వయొలిన్ మన సంగీతంలోకి ఎలా వచ్చిందో కూడా వినండి. ఇది యూరప్ వాద్యం. ముత్తుస్వామి దీక్షితర్ గారి తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ మద్రాసులో ఇంగ్లీషు వాళ్ల బ్యాండు విని, వయొలిన్ నేర్చుకుని, దాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చారు. 1800కి అటూ ఇటూ జరిగిన మాట. తంజావూరు వడివేలు గారు కూడా అదే దారిలో నడిచారు. మనవాళ్లు వాద్యాన్ని అలాగే ఉంచి, పట్టుకునే పద్ధతి మార్చేశారు. అక్కడ నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు. ఇక్కడ బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక కొన ఛాతీకి, ఇంకో కొన కుడికాలి మడమ దగ్గరకి ఆనిస్తారు. దాంతో ఎడమ చెయ్యి బరువు మొయ్యక్కర్లేదు, తీగ మీద పైకీ కిందకీ జారడానికి ఖాళీ అయిపోతుంది. మన గమకాలకి కావాల్సింది ఆ జారుడే. తీగల శ్రుతి కూడా మార్చి స, ప, స, ప అని పెట్టుకున్నారు.

అంతా బాగుంది. కానీ కచేరీలో దాని స్థానం ఎక్కడ? పక్కన. అందుకే పక్కవాద్యం అంటాం. గాయకుడు పాడతాడు, వయొలిన్ నీడలా వెంట నడుస్తుంది. గాయకుడు ఆగిన చోట నాలుగు ముక్కలు వాయించి మళ్లీ పక్కకి తప్పుకుంటుంది. పోస్టర్ మీద పెద్ద అక్షరాలు పాడేవారివి, కింద చిన్న అక్షరాలు వీరివి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు నాయుడు గారి దగ్గరకి వెళ్దాం. 1893 నవంబర్ 8, దీపావళి రోజు, బెంగళూరులో పుట్టారు. నాన్నగారు సైన్యంలో పనిచేసేవారు. తర్వాత కుటుంబం విశాఖపట్నం వచ్చేసింది, నాయుడు గారు పెరిగింది అక్కడే. చిన్నప్పటి నుంచీ చూపు మందం. దాని వల్ల బడి చదువు సాగలేదు. నూట ఇరవై ఏళ్ల క్రితం మాట ఇది. పెద్దక్షరాల పుస్తకాలు లేవు, ఫోన్‌లో జూమ్ చేసుకునే వీలు లేదు, బోర్డు కనపడకపోతే బడి అయిపోయినట్టే.

మరి ఇంట్లో కూర్చున్న ఆ పిల్లవాడి చేతిలో ఫిడేలు ఎవరు పెట్టారు? వాళ్ల అన్న. పెద్దన్నయ్య వెంకటకృష్ణయ్య గారే ఆయనకి తొలి గురువు.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అన్న. ఆయన గురించి మనకి పెద్దగా ఎవరూ చెప్పరు. ఆయన విగ్రహం నేనెక్కడా చూడలేదు. కానీ వయొలిన్ మొదట్లో ఎలా ఉంటుందో మీకు తెలుసా? తెలియకపోతే మా ఇంటికి రండి, వినిపిస్తాను. తలుపు కీచుమన్నట్టు ఉంటుంది. పిల్లి తోక తొక్కినట్టు ఉంటుంది. వెంకటకృష్ణయ్య గారు నేర్పారు అంటే, అంతకంటే ముందు ఆ కీచు శబ్దాన్ని నెలల తరబడి విన్నారని అర్థం. నేను మా తమ్ముడికి ఇచ్చిన సమాధానం గుర్తొచ్చింది. ఇద్దరం అన్నలమే.

ఇక కథ విజయనగరానికి వెళ్తుంది. ఈ భాగం మన ఉత్తరాంధ్ర పిల్లలందరికీ తెలియాలని నా కోరిక.

విజయనగరం సంస్థానంలో చాగంటి జోగారావు గారని ఒక ఉద్యోగి ఉండేవారు. ఆయన కొడుకు గంగబాబుకి చూపు లేదు. సంగీతం అంటే ప్రాణం. ఆ అబ్బాయికి సంగీతం నేర్పించే ఏర్పాటు కావాలని మహారాజు దగ్గర మాట వచ్చింది. పూసపాటి విజయరామ గజపతిరాజు గారు ఒక పని చేయొచ్చు కదా, ఇంటికి ఒక మాస్టారిని పంపించి ఊరుకోవచ్చు. ఆయన ఏకంగా సంగీత కళాశాలే పెట్టేశారు. 1919 ఫిబ్రవరి 5న అది మొదలైంది. చూపు లేని ఒక పిల్లవాడి కోరిక కోసం పుట్టిన కాలేజీ అది. తర్వాత ఘంటసాల గారు చదివింది అక్కడే. పి. సుశీల గారు చదివింది అక్కడే. మన అమ్మమ్మలు, తాతయ్యలు రేడియో పెట్టుకుని విన్న గొంతుల వెనక ఆ గంగబాబు కోరిక ఉంది. ఆ పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకూ మొన్నటి దాకా తెలీదు.

ఆ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఎవరనుకున్నారు? హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. మన వైపు అజ్జాడలో పుట్టిన మనిషి. పాడతారు, ఆడతారు, కథ చెప్తారు, కావ్యాలు రాస్తారు. ఆయన ముందు నిలబడాలంటే పండితులకే గుండె దడ.

కాలేజీ పెట్టిన ఆ ఏడాదే, విశాఖపట్నం నుంచి పాతికేళ్ల కుర్రాడు ఒకాయన వచ్చాడు. చూపు అంతంతమాత్రం. చేతిలో ఫిడేలు. విద్యార్థిగా చేరదామని వచ్చాడు. నారాయణదాసు గారు వాయించమన్నారు. విన్నారు. విని, "నువ్విక్కడ నేర్చుకోవడం ఏమిటి, నేర్పు" అన్న ధోరణిలో ఆయన్ని వయొలిన్ ఆచార్యుడిగా పెట్టేశారు. విజయనగరంలో ఇప్పటికీ అందరూ చెప్పుకునే సంగతి ఇది. మాటలు అచ్చంగా ఇవేనా అంటే నేను అక్కడ లేను కదా. కానీ 26వ ఏట ద్వారం వారు ఆ కాలేజీలో వయొలిన్ ఆచార్యుడు అయ్యారన్నది మాత్రం చరిత్ర. సీటు కోసం వెళ్తే మాస్టారి ఉద్యోగం వచ్చింది.

ఈ కథని సోషల్ మీడియాలో ఎలా చెప్తారో మీకు తెలుసు. "టాలెంట్ ఉంటే ఎవరూ ఆపలేరు ఫ్రెండ్స్" అని వెనకాల మ్యూజిక్ వేసి చెప్తారు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కావడం లేదు. టాలెంట్‌ని ఆపడం చాలా తేలిక. "నీ సర్టిఫికెట్ ఏది?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఆగిపోతుంది. నారాయణదాసు గారు ఆ ప్రశ్న ముందు అడిగి ఉంటే ద్వారం వారు ఆ రోజే బండెక్కి విశాఖ వెళ్లిపోయేవారేమో. ఆయన ముందు విన్నారు. అదీ తేడా.

సరే, ఉద్యోగం వచ్చింది. తర్వాత? తర్వాత పదిహేడేళ్లు పాఠాలు చెప్పారు. 1936లో నారాయణదాసు గారి తర్వాత అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. బడి చదువు సాగని మనిషి కాలేజీకి ప్రిన్సిపాల్. జనం ప్రేమగా "ఫిడేలు నాయుడు గారు" అనేవారు.

ఆయన వాయింపులో గొప్ప ఏంటి అని నాకు కూడా అనుమానం వచ్చింది. పాత రికార్డింగులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వినండి. మొదట గరగర శబ్దం వస్తుంది, భయపడి మార్చేయకండి. ఒక నిమిషం ఓపిక పట్టండి. ఆయన కమాను లాగే తీరు వినండి. కమాను దగ్గర చూసుకోవాల్సినవి ముఖ్యంగా మూడు: ఎంత వేగంగా లాగుతున్నాం, ఎంత బరువు వేస్తున్నాం, తీగ మీద ఏ చోట లాగుతున్నాం. ఈ మూడూ ప్రతి క్షణం మారుతూ ఉంటాయి. ఆయన పొడుగాటి కమాను వేస్తుంటే ఊపిరి ఎక్కడ తీసుకున్నారో తెలియని గాయకుడిలా ఉంటుంది. హడావుడి ఉండదు. పాశ్చాత్య సంగీతం కూడా శ్రద్ధగా విని, కమాను పద్ధతిలో మంచిని తెచ్చుకున్నారు. రాగం మాత్రం నూటికి నూరు పాళ్లూ మనది.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. పక్కవాద్యం. ద్వారం వారు ఎందరో పెద్ద గాయకుల పక్కన కూర్చుని వాయించారు. పేరు వచ్చింది. అక్కడితో ఆగినా జీవితం గౌరవంగానే గడిచిపోయేది. కానీ 1938లో వేలూరులో ఆయన ఒక పని చేశారు. గాయకుడు లేకుండా, వయొలిన్‌నే మధ్యలో పెట్టి సోలో కచేరీ చేశారు. ఇప్పుడు మనకి అది మామూలుగా అనిపిస్తుంది. అప్పుడు ఆలోచించండి. సాహిత్యం లేదు, మాటలు లేవు. జనం రెండు మూడు గంటలు ఉత్త ఫిడేలు వింటారా? విన్నారు. ఆ తర్వాత ఆయన సోలో కచేరీలు ఎన్నో చేశారు.

ఇక్కడ నాకు మళ్లీ చెలో గుర్తొచ్చింది. ఎందుకంటే చెలోది కూడా ఇదే కథ. చాలాకాలం దాని పని కింద స్థాయిలో ఆధారం పట్టడం, పై వాద్యాలు మెరుస్తుంటే అడుగున మోయడం. స్పెయిన్‌లో పాబ్లో కసాల్స్ అని ఒకాయన ఉండేవారు, 1876లో పుట్టారు. పదమూడేళ్ల వయసులో బార్సిలోనాలో ఒక పాత మ్యూజిక్ పుస్తకాల షాపులో ఆయనకి బాఖ్ రాసిన ఆరు చెలో సూట్లు దొరికాయి. ఒంటరి చెలో కోసం రాసినవి. అప్పటిదాకా చాలామంది వాటిని సాధన పాఠాల్లాగే చూసేవారు. ఆ కుర్రాడు వాటిని పన్నెండేళ్లు సాధన చేసి, అప్పుడు గానీ జనం ముందు వాయించలేదు. 1936 నుంచి 1939 మధ్య ఆ ఆరింటినీ రికార్డు చేశారు. ప్రపంచంలో ఈ రోజు ఏ చెలో విద్వాంసుడైనా ఆ ఆరు సూట్లు వాయించకుండా ఉండడు.

తారీఖులు చూడండి. 1936లో ద్వారం వారు విజయనగరంలో ప్రిన్సిపాల్ అయ్యారు, కసాల్స్ అక్కడ యూరప్‌లో ఆ రికార్డింగ్ మొదలుపెట్టారు. 1938లో వేలూరు కచేరీ. ఒకరి గురించి ఒకరికి తెలుసో లేదో నేను చెప్పను. కానీ ఒకే కాలంలో, రెండు దేశాల్లో, ఒకే ఇంటి పిల్లలైన రెండు వాద్యాలు పక్క నుంచి లేచి మధ్యలోకి వచ్చి కూర్చున్నాయి.

తర్వాత గౌరవాలు వరసగా వచ్చాయి. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు. 1957లో పద్మశ్రీ. ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మన దేశం వచ్చినప్పుడు ద్వారం వారి వాయింపు విని ముగ్ధుడయ్యాడు. 1964 నవంబర్ 25న నాయుడు గారు కన్నుమూశారు. వందేళ్ల జయంతికి, 1993లో, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. మనలో సగం మంది అక్కడే సెల్ఫీలు దిగి ఉంటాం. ఈసారి వెళ్లినప్పుడు ఒక నిమిషం ఆగండి.

ఇదంతా తెలుసుకున్నాక నేను మా తమ్ముడిని కూర్చోబెట్టి కథ మొత్తం చెప్పాను. చూపు మందం, బడి సాగలేదు, అన్న నేర్పాడు, కాలేజీ, ప్రిన్సిపాల్, పద్మశ్రీ, అన్నీ. నేను అనుకున్నాను, వాడి ముఖం వెలిగిపోతుందని. వాడు మొత్తం విని ఏమన్నాడో తెలుసా? "ఆయన పెద్దోడు అన్నా. నేను అంతోణ్ణి అవ్వకపోతే ఏటి? అప్పుడు నేర్చుకోకూడదా?"

నా దగ్గర సమాధానం లేదు.

నిజమే కదా. చూపు తక్కువ ఉన్న ప్రతి పిల్లవాడూ ద్వారం వెంకటస్వామి నాయుడు కావాలని రూల్ పెట్టేస్తాం మనం. అయితేనే చప్పట్లు కొడతాం. కళ్లు తక్కువైతే చెవులు వాటంతటవే పదునెక్కుతాయి అని కూడా అనేస్తాం, అదేదో దేవుడు ఫ్రీగా ఇచ్చిన ఆఫర్ లాగ. ద్వారం వారి చెవి ఊరికే రాలేదు, ఏళ్ల తరబడి కూర్చున్న సాధన అది. ఇక గంగబాబు? ఆయన కోసం కాలేజీ పెట్టినప్పుడు "నువ్వు పెద్ద విద్వాంసుడివి అవుతావా, గ్యారెంటీ ఇస్తావా" అని ఎవరైనా అడిగారా? ఆ పిల్లవాడికి ఇష్టం, నేర్చుకోవాలని ఉంది. అంతే సరిపోయింది.

ఆ ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. రణస్థలం, పైడిభీమవరం దాటి, నాతవలస దగ్గర హైవే వదిలి, విజయనగరం. గంటస్తంభం దగ్గర టీ తాగి, మ్యూజిక్ కాలేజీ ఎటు అని అడుక్కుంటూ వెళ్లాం. ఆదివారం కదా, క్లాసులు లేవు. బయటే నిలబడ్డాం. వాడు గోడ మీద చెయ్యి వేసి "ఇక్కడేనా అన్నా వాయించి చూపించింది?" అన్నాడు. ఏ గదిలోనో, అప్పుడు ఏ భవనంలో ఉండేదో నాకు తెలీదురా అన్నాను. "పర్లేదు" అన్నాడు.

చెలో కొనే స్తోమత మాకు లేదు, నేర్పేవాళ్లు కూడా దగ్గర్లో లేరు. కానీ వయొలిన్ ఉంది కదా, అదే ఇంటి పిల్ల. విశాఖలో తెలిసినాయన ద్వారా ఒక పాత వయొలిన్ 3,500 రూపాయలకు దొరికింది. శ్రీకాకుళంలో ఒక పెద్దాయన ఇంటి దగ్గర పాఠం చెప్తారు. మొదటి రోజు ఆయన వాడి కళ్ల గురించి ఒక్క మాట అడగలేదు. నన్ను పిలిచి మాత్రం ఒక మాట చెప్పారు. "బాబూ, ఇది ఒక ఏడాది దాకా వినసొంపుగా ఉండదు. వాడు ఓర్చుకుంటాడు, వాడి గురించి నాకు భయం లేదు. ఇంట్లో మీరు ఓర్చుకోగలరా?"

అదీ సంగతి. సాయంత్రం మా ఇంట్లో ఉండే శబ్దం అదే. సరళీ స్వరాలు. స రి గ మ అని వాడు లాగుతుంటే ఒక్కో స్వరం ఒక్కో వైపుకి పోతుంది. మొదటి వారం అమ్మ "ఏటిరా ఆ గోల, ఆ గుంటడికి ఏటైనా చెప్పు" అంది. పక్కింటి పిన్ని కిటికీ వేసేసుకుంది. పైడిభీమవరం ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ చేసి వచ్చే నాన్న మాత్రం ఏమీ అనలేదు, దిండు చెవి మీద పెట్టుకుని పడుకున్నారు. నాకూ కోపం వస్తుంది, అబద్ధం ఆడను. నిన్న కూడా వచ్చింది. ఎడిటింగ్ చేసుకుంటుంటే ఒకటే కీచు. లేచి అరవబోయాను. అప్పుడు వెంకటకృష్ణయ్య గారు గుర్తొచ్చారు. కూర్చున్నాను.

మనం "సపోర్ట్ చేస్తాం" అని చాలా తేలిగ్గా అనేస్తాం. పోస్ట్ పెడతాం, షేర్ కొడతాం. సపోర్ట్ అంటే ఏంటో ఈ రెండు నెలల్లో నాకు కొంచెం తెలిసింది. బాగా వాయించేటప్పుడు వినడానికి ఊరంతా వస్తుంది. బాగోలేనప్పుడు వినేవాళ్లు ఇంట్లో ఇద్దరు ముగ్గురే ఉంటారు. ద్వారం వారి జీవితంలో అన్న విన్నారు. నారాయణదాసు గారు విన్నారు. అంతకుముందే గంగబాబు మాట ఒక మహారాజు విన్నాడు. ఈ ముగ్గురూ విన్నాక గానీ వేలూరులో జనం వినలేదు.

మీ ఇంట్లోనో, మీ హాస్టల్ రూములోనో ఎవరో ఒకరు ఉంటారు. బొమ్మలు వేసేవాడో, కవితలు రాసేదో, డప్పు కొట్టేవాడో. ఇంకా బాగా రావడం లేదు వాళ్లకి, మీకు చిరాకు తెప్పిస్తున్నారు. ఈ వారం ఒక్క రోజు, "దీనివల్ల ఏటి వస్తుంది" అని అడక్కుండా పదిహేను నిమిషాలు కూర్చుని వినండి, చూడండి. సలహా కూడా ఇవ్వకండి. ఊరికే కూర్చోండి.

మా తమ్ముడు ఏమవుతాడో నాకు తెలీదు. టెన్త్ కూడా మళ్లీ పుస్తకం తీశాడు, పాఠాలు ఫోన్‌లో రికార్డు చేసి ఇస్తున్నాను, వింటున్నాడు. నిన్న రాత్రి మాత్రం ఒక చిన్న విషయం జరిగింది. కింద నుంచి పైదాకా ఎనిమిది స్వరాలు లాగాడు. ఏడు ఎటో పోయాయి. చివరి పై షడ్జం మాత్రం ఒక్కటి, ఒక్క రెండు సెకన్లు, నిటారుగా నిలబడింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అమ్మ గుమ్మం దగ్గరకి వచ్చి, "ఏదీ, ఇంకోసారి లాగు" అంది.

మళ్లీ రాలేదు లెండి. కీచుమంది.

సరే, ఈ రోజుకి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో ఆదిభట్ల నారాయణదాసు గారి గురించి పూర్తిగా మాట్లాడుకుందాం, ఆయన కథ ఒక్కటి సరిపోదు, రెండు భాగాలు చేయాలేమో. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను మరి, మీ ఎచ్చెర్ల కుర్రాడు.